రోడ్డుకీ మొరం బాటకీ ఒకే సైకిల్ కావాలంటే ముందు టైరు సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న ఇదీ: ఉండేది నార్సింగిలో, ఆఫీసు గచ్చిబౌలిలో, రానూపోనూ 16 కిలోమీటర్లు. ఆదివారాలు శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు 40, 50 కిలోమీటర్లు తొక్కాలని ఉంది. వికారాబాద్ దగ్గరున్న మీ ఊరికి మెయిన్ రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు మొరం బాట. మీ ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, బడ్జెట్ 60 వేలు. ఒక షాపువాళ్ళు రోడ్ బైక్ తీసుకోమన్నారు. ఇంకో షాపువాళ్ళు ముందు షాకులు, 21 గేర్లు ఉన్న ఎమ్‌టీబీ (కొండదారుల కోసం చేసే మౌంటెన్ బైక్) చూపించారు. స్నేహితులేమో గ్రావెల్ బైక్ (తారుకీ కంకర బాటకీ పనికొచ్చే వెడల్పు టైరు సైకిల్) అంటున్నారు. ఏది కొనాలి?

జవాబు ముందే చెప్పేస్తాను. షాకులు లేని గట్టి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం), కనీసం 40 మిల్లీమీటర్ల టైరు పట్టేంత చోటు, డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి బాగా తేలికైన ఒక గేరు, మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ ఫ్రేములోనే మరలు బిగించే రంధ్రాలు. ఈ ఐదూ ఉంటే దాన్ని హైబ్రిడ్ అని అమ్మినా, ఫిట్‌నెస్ బైక్ అని అమ్మినా, గ్రావెల్ అని అమ్మినా మీకు సరిపోతుంది. ఈ ఐదింటిలోనూ మొదట చూడాల్సింది టైరు. సీటు బాగాలేకపోతే మారుస్తాం, హ్యాండిల్ దూరమైతే చిన్న స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) వేస్తాం, గేర్లు అరిగితే కొత్తవి వస్తాయి. ఫ్రేములో టైరుకి చోటు లేకపోతే మాత్రం ఎంత డబ్బు పోసినా ఆ చోటు రాదు.

నేను హైదరాబాద్‌లో 14 ఏళ్ళుగా సైకిల్ మీదే తిరుగుతున్నాను. 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరప్రయాణ రైడ్లు) చేశాను. ఒక స్నేహితుడి వర్క్‌షాపులో శని, ఆదివారాలు చేయి వేస్తుంటాను కాబట్టి మీలాంటివాళ్ళు కొన్న సైకిళ్ళు ఆరు నెలల తర్వాత ఏ స్థితిలో వెనక్కి వస్తాయో దగ్గర నుంచి చూస్తున్నాను. కింద రాసిందంతా అందులోంచి వచ్చిందే.

మా నాన్న దగ్గర ఒక నల్ల సైకిల్ ఉండేది. వెనక క్యారియర్ మీద వడ్ల బస్తా, ముందు కడ్డీ మీద తువాలు మడిచి వేసి దాని మీద నేను. చెరువు కట్ట మీదుగా రైసు మిల్లుకి వెళ్ళేవాళ్ళం. కట్ట మీద ఎర్ర మొరం, అక్కడక్కడా గుండ్రాళ్ళు. ఆ సైకిల్‌కి షాకులు లేవు, గేర్లు లేవు. ఉన్నదల్లా 28×1½ టైర్లు, అంటే సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ఫోర్కు ముందుకి బాగా వంగి ఉండేది. అందుకే అంత బరువుతో కూడా అది కంకర మీద నిబ్బరంగా నడిచేది. మన పల్లెల్లో తారు రోడ్లు పడకముందు ఎన్నో ఏళ్ళు పోస్టుమ్యాన్లూ పాలవాళ్ళూ టీచర్లూ తిరిగింది ఇలాంటి సైకిళ్ళ మీదే. ఇవాళ గ్రావెల్ బైక్ అని కొత్తగా వస్తున్నదాంట్లో అసలు విషయం, అంటే వెడల్పు టైరూ గట్టి ఫోర్కూ, వాటిలో అప్పటికే ఉంది. కొత్తగా చేరినవి గేర్లు, మంచి బ్రేకులు, తక్కువ బరువు.

ఇక మీకు చూపించిన రెండు సైకిళ్ళ సంగతి. రోడ్ బైక్‌కి సాధారణంగా 25 నుంచి 28 మిల్లీమీటర్ల టైర్లు వస్తాయి. మీ బరువుకి 28 టైరులో వెనక 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర గాలి పెట్టాలి. నున్నటి తారు మీద హాయిగా పోతుంది. మీ ఊరి మొరం బాట మీదకి రాగానే ప్రతి రాయీ మణికట్టుకి తెలుస్తుంది. దుమ్ము మెత్తగా పేరుకున్న చోట ముందు చక్రం దిగబడి పక్కకి లాగుతుంది. గాలి తగ్గిద్దామంటే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. రెండో షాపువాళ్ళు చూపించిన ఎమ్‌టీబీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2.1 అంగుళాల టైరు అంటే 53 మిల్లీమీటర్లు, పైన గట్టి బొడిపెలు. మీ బాట మీద బాగుంటుంది. కానీ మీరు తొక్కేదాంట్లో పదింట తొమ్మిది వంతులు తారు రోడ్డే. ఆ బొడిపెలు తారు మీద బుయ్యిమని మోత పెడుతూ, పెట్టిన బలాన్ని తింటూ ఉంటాయి. చేవెళ్ళ నుంచి ఎదురుగాలిలో తిరిగొచ్చేటప్పుడు ఆ సంగతి తొడలకి తెలుస్తుంది.

మీకు సరిపోయేది 38 నుంచి 42 మధ్య. నడుమ భాగం నున్నగానో సన్నటి గీతలతోనో ఉండి, అంచుల్లో చిన్న బొడిపెలు ఉన్న టైరు. తారు మీద నడుమ భాగం మాత్రమే ఆనుతుంది, మొరం మీద మలుపు తిరిగినప్పుడు అంచులు పట్టు ఇస్తాయి. వెడల్పు టైరు అంటే నెమ్మది అన్న భయం చాలామందికి ఉంటుంది. మన రోడ్ల మీద ఆ భయం అక్కర్లేదు. సన్న టైరులో గాలి బిగించి పెడితే ప్రతి గుంతకీ సైకిల్‌తో పాటు మనిషి కూడా ఎగిరి పడతాడు, ఆ కుదుపులో పోయేది మన బలమే. కాస్త మెత్తగా ఉన్న మంచి టైరు ఆ గుంతని మింగేసి ముందుకి సాగుతుంది. వేగం తగ్గించేది వెడల్పు కన్నా ఎక్కువగా మందంగా, మొద్దుగా ఉండే నాసిరకం రబ్బరు.

గాలి గురించి లెక్క చెప్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది మంచి సైకిల్‌ని పాడు చేసుకుంటారు. సైకిల్ టైర్ల మీద కొలతలు తీసిన ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఇంజినీరు పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. మనిషి కూర్చున్నప్పుడు టైరు ఎత్తులో 15 శాతం అణగాలి. 38 టైరుకి అది ఐదారు మిల్లీమీటర్లు. మీరు 78, సైకిల్ 12, బ్యాగు 3 కిలోలు అనుకుంటే వెనక 45, ముందు 40 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. వెనక బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ. ఊరికి వెళ్ళే రోజు రెండిట్లోనూ ఐదేసి తగ్గించండి. ట్యూబ్ ఉన్న టైరుకి 35 కన్నా తగ్గించకండి. పంక్చర్ షాపులో మోటారు సైకిల్ కంప్రెసరుతో పట్టిస్తే రెండు సెకన్లలో 60 దాటేస్తుంది, అప్పుడు 38 టైరు కూడా రాయిలా అయిపోతుంది. అందుకే సైకిల్ కొన్న రోజే మీటరు ఉన్న నేల పంపు కూడా కొనండి. హెల్మెట్ తర్వాత అంత ముఖ్యమైన ఖర్చు ఇంకోటి లేదు.

షాపులో చోటు ఎలా చూడాలంటే, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. టైరుకీ ఫ్రేముకీ మధ్య మూడు చోట్ల దూర్చి చూడండి. పెడళ్ళ ఇరుసు వెనక గొట్టాలు రెండూ దగ్గరకొచ్చే చోటు, ఫోర్కు రెండు కాళ్ళూ పైన కలిసే చోటు, సీటు కింద వెనక గొట్టాల మధ్య. టైరుకి రెండు పక్కలా ఆ కీ తేలిగ్గా దూరాలి. మడ్‌గార్డు వేయాలనుకుంటే ఇంకో ఐదారు మిల్లీమీటర్లు కావాలి. చాలా హైబ్రిడ్లు 35 టైరుతో అమ్ముతారు కానీ ఫ్రేములో 42 దాకా పడుతుంది. కొన్నిట్లో వచ్చిన 32 తప్ప ఇంకేం పట్టదు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా ఆ కీ చెప్తుంది. ఎంత చోటున్నా ఒక్క నల్లరేగడి ముందు మాత్రం ఏ సైకిలూ నిలవదు. వానకి తడిసిన రేగడి టైరుకి చుట్టుకుని ఫోర్కులో ముద్ద కట్టి చక్రాన్ని తిరగనివ్వదు. మీ ఊరి బాట మొరం కాబట్టి అదృష్టవంతులు. పక్క పొలాల్లోకి మాత్రం వానాకాలంలో దిగకండి.

టైరు సైజుల్లో ఒక చిక్కుంది, అది మీకు పనికొస్తుంది. మీరు కొనబోయే సైకిల్ టైరు మీద 700×38సి అని ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాలతో 38-622 అని కూడా ఉంటుంది. ఆ 622 అనేదే అసలు కొలత, టైరు అంచు రిమ్ములో కూర్చునే వలయం వ్యాసం మిల్లీమీటర్లలో. 29 అంగుళాల ఎమ్‌టీబీ టైరుదీ అదే 622. చాలా కంపెనీలు 700సి టైరు మీద 28 అని కూడా వేస్తాయి. మన ఊళ్ళలో దొరికే పాత సైకిల్ 28×1½ టైరు మాత్రం 635. రెండింటినీ 28 అనే అంటారు, ఒకటి ఇంకోదానికి ఎక్కదు.

ఇది నాకు తాండూరు వైపు ఒక పల్లెలో అనుభవమైంది. వెనక టైరు పక్క గోడ రాయికి కోసుకుపోయి, లోపలి ట్యూబ్ పగిలింది. పంక్చర్ షాపు పెద్దాయన పైనుంచి కొత్త 28 టైరు తీసి ఇచ్చారు. రిమ్ము మీద పెడితే వదులుగా గాజులా తిరుగుతోంది. ఆయన కాసేపు రెండు టైర్లూ పక్కపక్కన పెట్టి చూసి, నా పాత టైరు కోతకి లోపల మోటారు సైకిల్ ట్యూబ్ ముక్క అతికించి, ట్యూబ్ మాత్రం ఆ 28 సైకిల్‌దే వేశారు. ట్యూబ్ సాగుతుంది కాబట్టి 13 మిల్లీమీటర్ల తేడా దానికి లెక్కలేదు. ఆ ట్యూబ్ మీదే 60 కిలోమీటర్లు తొక్కి ఇంటికి వచ్చాను. అది పట్టడానికి కారణం నా రిమ్ములో వాల్వు రంధ్రం పెద్దది, 8 మిల్లీమీటర్లది. కారు, మోటారు సైకిల్ తరహా ష్రేడర్ వాల్వుకీ మన పాత సైకిల్ వాల్వుకీ ఆ రంధ్రమే సరిపోతుంది. రోడ్ బైకులకి వచ్చే సన్న ప్రెస్టా వాల్వు రిమ్ములో రంధ్రం 6.5 మిల్లీమీటర్లే. అందులోకి ఊళ్ళో ట్యూబ్ దూరదు. మీరు తరచుగా పల్లెల వైపు వెళ్తారు కాబట్టి ష్రేడర్ రంధ్రం ఉన్న రిమ్ములు దొరికితే వాటికే మొగ్గు చూపండి. ప్రెస్టా అయితే ఒక స్పేర్ ట్యూబూ, మామూలు పంపు పట్టేలా చిన్న ఇత్తడి అడాప్టరూ ఎప్పుడూ సీటు కింద సంచిలో ఉండాలి.

షాకుల విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. మీ బడ్జెట్‌లో హైబ్రిడ్లకి వచ్చే స్ప్రింగు ఫోర్కు మామూలు ఫోర్కు కన్నా కిలో, కిలోన్నర బరువెక్కువ. మొదటి రోజు షాపు ముందు స్పీడ్‌బ్రేకర్ మీద దింపితే మెత్తగా అనిపిస్తుంది, అందుకే అమ్ముడుపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ నొక్కిన ప్రతిసారీ ముందు భాగం కిందికీ మీదికీ ఊగుతుంది. ఏడాది మన దుమ్ములో తిరిగాక సీళ్ళు ఎండిపోయి లోపల తుప్పు పడుతుంది, తర్వాత అది అణగదు, కిర్రుకిర్రు మంటుంది. వర్క్‌షాపుకి వచ్చే రెండేళ్ళ నాటి ఇలాంటి ఫోర్కుల్లో సవ్యంగా పనిచేసేవి నేను తక్కువే చూశాను. పెద్ద రాళ్ళ మీద దూకేవాళ్ళకి మంచి ఎయిర్ ఫోర్కు తప్పనిసరి, కానీ దాని ఒక్కదాని ధరే మీ బడ్జెట్‌లో సగం తినేస్తుంది. మొరం బాటకి 40 టైరులో 38 పీఎస్‌ఐ గాలే మీ షాక్ అబ్జార్బర్.

గేర్లు ఎన్ని అన్నది లెక్క కాదు. 21 అంటే ముందు మూడు, వెనక ఏడు పళ్ళచక్రాలు, అంతే. వాటిలో సగం ఒకదానికొకటి సమానంగానే ఉంటాయి. మీరు అడగాల్సింది ఒకటే: అన్నిటికన్నా తేలికైన గేరులో ముందు ఎన్ని పళ్ళు, వెనక ఎన్ని పళ్ళు? ముందు 38, వెనక 34 ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 1.12 చుట్లు తిరుగుతుంది. 38 టైరు చుట్టుకొలత సుమారు 2.18 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 9 కిలోమీటర్ల లోపు వేగం. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాట్ మీద అలసిపోయిన కాళ్ళతో తొక్కగలిగే వేగం ఇంచుమించు అదే. ముందు 30, వెనక 34 లాంటిది దొరికితే మరీ మంచిది. అదే ముందు 38 పళ్ళ చక్రంతో వెనక 11 పళ్ళ చక్రం మీద నిమిషానికి 90 చుట్లు తొక్కితే 40 కిలోమీటర్ల వేగం వస్తుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అంతకన్నా మీకు అక్కర్లేదు. కాబట్టి ముందు ఒకే చక్రం, వెనక 8 నుంచి 10 చక్రాలు ఉన్న సైకిల్ అంటే తక్కువ గేర్లు అని వదిలేయకండి. ముందు డిరైలర్ (చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదానికి మార్చే పరికరం) ఉండదు, చైను జారడం తక్కువ, శుభ్రం చేయడం తేలిక.

గేర్లలో ఇంకో సంగతి మీ బరువుకి సంబంధించింది. వెనక పళ్ళచక్రాల గుత్తి ఫ్రీవీలా, క్యాసెట్టా అని అడగండి. ఏడు గేర్ల షిమానో టోర్నీ (షిమానో కంపెనీ చవక గేర్ల వరస) ఉన్న సైకిళ్ళలో ఎక్కువగా మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు హబ్బులో (చక్రం నడుమ భాగంలో) లోపలికి ఉండిపోయి, బయట ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా ఉంటుంది. 75, 80 కిలోల మనిషి వెనక బ్యాగుతో గుంతల్లో తిరిగితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. చక్రం తిప్పితే పళ్ళచక్రాలు ఎగుడుదిగుడుగా ఊగుతుంటే అది ఇరుసు వంగిన గుర్తు. క్యాసెట్ హబ్బులో కుడి బేరింగు చివరికంటా వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఈ బెడద ఉండదు. షిమానోలో ఆల్టస్, అసెరా, ఇప్పుడు వస్తున్న క్యూస్, రోడ్డు తరహాలో క్లారిస్, సోరా ఇవన్నీ మీ పనికి చాలు. క్లారిస్ కన్నా సోరా మేలు అని ఐదారు వేలు ఎక్కువ పెట్టడం కన్నా ఆ డబ్బుతో మంచి టైర్లు వేసుకోండి.

బ్రేకులు డిస్క్ తీసుకోండి. వానలో రిమ్ము తడిసినా, మొరం బురద పట్టినా పట్టు పోదు. కేబుల్ డిస్కా, హైడ్రాలిక్కా అంటే, హైడ్రాలిక్ వేలితో నొక్కితే చాలు, చాలాకాలం ముట్టుకోనక్కర్లేదు. కేబుల్‌ది తరచుగా సర్దుకోవాలి, కానీ 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో మీరే సర్దుకోవచ్చు, కేబుల్ ఏ పట్నంలోనైనా దొరుకుతుంది. మీకైతే రెండూ నప్పుతాయి. బడ్జెట్‌లో హైడ్రాలిక్ వస్తే తీసుకోండి. డిస్కు మీద నూనె చేతులు పెట్టకండి, చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు దానికి గుడ్డ కప్పండి.

హ్యాండిల్ సంగతికొస్తే, మీ స్నేహితులు చెప్పిన అసలు గ్రావెల్ బైక్‌కి వంపు తిరిగిన డ్రాప్ హ్యాండిల్ ఉంటుంది. ఎదురుగాలిలో కిందికి వంగి తొక్కడానికి, గంటల కొద్దీ తొక్కేటప్పుడు చేతులు మార్చి పెట్టుకోవడానికి అది నిజంగా మంచిది. నా బ్రెవేలన్నీ దాని మీదే. కానీ దానికి కావాల్సిన బ్రేకు-గేరు లీవర్లు ఖరీదు. మీ 60 వేలలో డ్రాప్ హ్యాండిల్ తీసుకుంటే చక్రాల్లోనో బ్రేకుల్లోనో ఎక్కడో కోత పడుతుంది. రోజూ ట్రాఫిక్‌లో తల ఎత్తి చూడాలి, బ్రేకు మీద వేళ్ళు ఎప్పుడూ ఉండాలి. అందుకని మీకు తిన్నని హ్యాండిలే మేలని నా అభిప్రాయం. చివర్లకి చిన్న కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు బిగించుకుంటే చేతులు మార్చుకోవడానికి ఇంకో చోటు దొరుకుతుంది. రెండేళ్ళు తొక్కాక నెలకి రెండుసార్లు 100 కిలోమీటర్లు దాటుతున్నారనుకోండి, అప్పుడు డ్రాప్ హ్యాండిల్ సైకిల్ గురించి ఆలోచిద్దురు.

సైజు గురించి మాత్రం తొందరపడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. నా మొదటి గేరు సైకిల్ నాకు కావాల్సిన దానికన్నా ఒక సైజు పెద్దది. షాపులో ఆ ఒక్కటే మిగిలింది, తగ్గింపు ధరకి ఇస్తామన్నారు, సీటు దించితే సరిపోతుందన్నారు. నేను నమ్మాను. సీటు దిగింది కానీ హ్యాండిల్ దూరం తగ్గలేదు. 20 కిలోమీటర్లు దాటితే చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కేవి. రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్ళు సరిగా ఆడేవి కావు. ఎనిమిది నెలలు అలాగే తొక్కి, చివరికి సగం ధరకి అమ్మేశాను. సీటు ఎత్తు సర్దుకోవచ్చు, ఫ్రేము పొడవు సర్దుకోలేం.

ఇంట్లో ఈ కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పైకంటా, సీటు మీద కూర్చున్నప్పుడు తగిలినంత గట్టిగా పట్టుకోండి. పుస్తకం వెన్ను గోడకి తగలాలి. దాని పై అంచు నుంచి నేల దాకా ఇంట్లోవాళ్ళని కొలవమనండి. 172 ఎత్తున్న మనిషికి అది 79 సెంటీమీటర్ల అటూఇటూగా ఉంటుంది. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 79కి అది 69.8. అమెరికన్ సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. మొదలుపెట్టడానికి బాగా పనికొస్తుంది, తర్వాత అరసెంటీమీటరు చొప్పున సర్దుకోవాలి. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, నడుము అటూఇటూ ఊగకూడదు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్‌తో సమానం కావచ్చు. అందుకని మీడియం, లార్జ్ అన్న అక్షరాలు వదిలేసి, కంపెనీ సైటులో రీచ్, స్టాక్ అనే రెండు అంకెలు చూసి పోల్చండి. రీచ్ హ్యాండిల్ ఎంత దూరమో, స్టాక్ ఎంత ఎత్తో చెప్తుంది. రెండు సైజుల మధ్య సందేహం వస్తే మీ వాడకానికి చిన్నదే తీసుకోండి.

మెత్తటి వెడల్పు జెల్ సీటు చూసి ముచ్చటపడకండి. పది నిమిషాలు బాగుంటుంది, గంట తర్వాత ఆ మెత్తదనమే ఒరుసుకుని మంట పుట్టిస్తుంది. పిరుదుల ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు, కాస్త గట్టిదనం ఉంటే చాలు. మొదటి రెండు వారాల నొప్పి సీటు వల్ల కాదు, అలవాటు లేకపోవడం వల్ల. అది పోతుంది.

డబ్బు ఇలా పంచుకోండి. సైకిల్‌కి 48 వేలు దాటనివ్వకండి. మిగిలిన 12 వేలలో హెల్మెట్, మీటరు పంపు, ముందూ వెనకా లైట్లు, తాళం, మడ్‌గార్డులు, క్యారియర్, రెండు స్పేర్ ట్యూబులు, టైరు లీవర్లు, ప్యాచులు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించండి. బ్యాగు వీపు మీద కాకుండా క్యారియర్‌కి వేలాడే సంచిలో పెడితే హైదరాబాద్ ఎండలో చొక్కా వీపు తడవకుండా ఆఫీసుకి చేరతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర స్టిక్కరు ఉన్న స్టాక్ అయితే బిల్లులో పన్ను ఎంత వేశారో చూసుకోండి.

మోడళ్ళ పేర్లు అడిగారు. డెకాథ్లాన్ రివర్‌సైడ్, ట్రెక్ ఎఫ్‌ఎక్స్, జెయింట్ ఎస్కేప్ వరసల్లోంచి చూడటం మొదలుపెట్టండి. ఒకే వరసలో కూడా షాకులు ఉన్నవీ లేనివీ, సన్న టైరువీ వెడల్పు టైరువీ ఉంటాయి, ఏటా మారుతుంటాయి. అందుకే పేరు మీద కాకుండా పైన చెప్పిన ఐదు విషయాల మీద వాటిని తూచండి. రెండు మూడేళ్ళు వాడిన మంచి సైకిల్ దొరికినా వెనకాడొద్దు, కొనేముందు చైను అరుగుదల కొలిచే చిన్న పనిముట్టుతో చూడమనండి. అరుగుదల 0.75 శాతం దాటితే చైనుతో పాటు క్యాసెట్ ఖర్చు కూడా మీ మీద పడుతుంది, ఆ మేరకు ధర తగ్గించి అడగండి.

టెస్ట్ రైడ్ షాపు ముందు పది గజాలు కాదు. మీ టైరు ఒత్తిడి పెట్టించుకుని, సీటు ఎత్తు సరిచేయించుకుని కనీసం 15 నిమిషాలు తొక్కనివ్వమనండి. ఒక గుంతల సందు, ఒక చిన్న ఎత్తు ఉన్న దారి ఎంచుకోండి. కొన్నాక మొదటి వారం మాత్రం ట్రాఫిక్‌లోకి వెళ్ళకుండా మీ పక్కనే ఉన్న ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సోలార్ సైకిల్ ట్రాక్ వాడుకోండి. 2023 అక్టోబరు 1న మొదలైంది, మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ. గేర్లు ఎప్పుడు మార్చాలో చేతికి అలవాటు కావడానికి అంతకన్నా మంచి చోటు మన ఊళ్ళో లేదు. ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీదకి సైకిళ్ళని రానివ్వరు, ట్రాక్, సర్వీసు రోడ్డు మాత్రమే.

మొదటి 200, 300 కిలోమీటర్లలో స్పోకులు సర్దుకుంటాయి, కేబుళ్ళు సాగుతాయి. అప్పుడు ఒకసారి షాపుకి తీసుకెళ్ళి చక్రాలు బెండు తీయించి, గేర్లు సర్దించుకోండి. ఇది మానేసినవాళ్ళ చక్రాల్లోనే ఏడాదికల్లా స్పోకులు తెగడం చూస్తుంటాను.

ఇంకొక్కటి, ఊరి బాటలో పల్లేరు కాయలు. ఎలా పడినా ఒక ముల్లు పైకి చూసేలా ఉంటుంది ఆ కాయ. గడ్డి ఉన్న అంచు మీదుగా పోతే పది కాయలు ఒకేసారి గుచ్చుకుంటాయి. గుచ్చుకున్న వెంటనే గాలి పోదు, చక్రం తిరిగేకొద్దీ ముల్లు లోపలికి దిగి ట్యూబుని చేరుతుంది. కాబట్టి అలాంటి చోటు దాటగానే దిగి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ కాయల్ని గోటితో పీకేయండి. సగానికి పైగా పంక్చర్లు అక్కడే తప్పుతాయి. తుమ్మ ముల్లు మాత్రం నిలువుగా దిగిపోతుంది, దానికి మందమైన టైరు ఒక్కటే మందు. మొదటి జత అరిగాక ష్వాల్బే మారథాన్ లాంటి లోపల పొర ఉన్న టైరు వేసుకోండి. బరువెక్కువే, కానీ ఊరి నుంచి చీకటి పడ్డాక వచ్చేటప్పుడు ఆ బరువు మీకు భారంగా అనిపించదు.

పుస్తకంతో కొలిచిన కాలు పొడవు, మీరు చూసిన సైకిళ్ళ రీచ్, స్టాక్ అంకెలు, టైరు పక్కన రాసిన ఆ 622 ముందున్న అంకె, ఈ నాలుగూ రాసి పంపండి. ఏ సైజు తీసుకోవాలో, అందులో 40 టైరు పడుతుందో లేదో చూసి చెప్తాను. షాపులో అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.